వెనక కాళ్ళు ముడుచుకునే కారు

మా షెడ్డులో ఎర్ర స్పిట్‌ఫైర్ ఒకటుంది. 1968 నాటి మార్క్ 3. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది. ముందు బానెట్టూ మడ్‌గార్డులూ ఒకే ముక్కగా, మొసలి నోరు తెరిచినట్టు లేస్తాయి. దాని మీద మా ఆయన పెట్టిన ఖర్చెంతో నేను అడగను, ఆయన చెప్పరు. మేముండేది ఇంగ్లండులో, కోవెంట్రీలో. ట్రయంఫ్ కంపెనీ ఈ కారుని తయారుచేసింది కూడా ఈ ఊళ్ళోనే, కాన్లీ ఫ్యాక్టరీలో. 1962లో మొదలుపెట్టి 1980 దాకా మూడు లక్షల పైచిలుకు చేశారు.

పోయిన నెల వాన పడుతుండగా ఇద్దరం అందులో ఇంటికొస్తున్నాం. రౌండబౌట్ మలుపు సగంలో ఉండగా ఎదర ఎవరో బ్రేకు వేశారు. మా ఆయన యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. అంతే, బ్రేకు కూడా తొక్కలేదు. వీపు కింద సీటు పైకి లేచినట్టయింది. మరుక్షణం మేం వచ్చిన దారికేసి తిరిగి నిలబడి ఉన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. వెనకొచ్చే వ్యాను డ్రైవరు హారన్ కొట్టలేదు సరికదా, 'ముందు మీరు వెళ్ళండి' అని చేత్తో సైగ చేశాడు. ఆ మర్యాదకి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ తరవాత మా చిన్నమామగారు వేసవికని వచ్చారు. మద్రాసులో ఒక షెడ్డులో చేతికింద కుర్రాడిగా మొదలుపెట్టి, విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు స్పానర్ పట్టిన మనిషి. సంగతంతా విన్నారు. టీ గ్లాసు పక్కన పెట్టి, "జాకీ ఎక్కడుంది?" అన్నారు. ఆ సాయంత్రం కారు కిందా కారు పక్కనా నడిచిన వాదన ఇది. టార్చి పట్టుకున్నది నేను కాబట్టి రాసే హక్కూ నాదే. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆ వరసతోనే రాస్తాను: బాబాయి, అబ్బాయి.

అబ్బాయి: నేను తేల్చేసుకున్నాను బాబాయ్. వెనక కమాను మార్చేస్తాను. ఇది డిజైన్‌లోనే ఉన్న లోపం.

బాబాయి: లోపమేంట్రా? ఇది హెరాల్డ్! మన స్టాండర్డ్ హెరాల్డే, పై బట్టలు మార్చుకుంది. ఈ అడ్డ కమాను, మధ్యలో డిఫరెన్షియలు, అటొక క్రాసు, ఇటొక క్రాసు. కళ్ళకి గంతలు కట్టినా విప్పి బిగిస్తాను.

కమానంటే పట్టీల స్ప్రింగు, క్రాసంటే ఇరుసు కడ్డీ వంగడానికి వీలిచ్చే కీలు. ఆయన చెప్పింది నిజమే. ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. దాని సామాను మీదే స్పిట్‌ఫైర్ కట్టారు. రెండిటి రూపం గీసింది కూడా ఒక్కడే, ఇటలీకి చెందిన జొవాని మికెలోటి. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు మన దేశానికి తయారుచేశారు. అంబాసిడర్‌కీ ఫియట్‌కీ వెనక రెండు చక్రాలనీ కలిపి పట్టుకునే ఒకే ఇరుసు. హెరాల్డ్‌కి మాత్రం ఏ చక్రం దారి దానిది.

బాబాయి: మా షెడ్డులో సగం మంది దీని జోలికి వచ్చేవాళ్ళు కాదు. అంబాసిడర్ అయితే ఇనప దూలం, ఏముంది, మోగితే కొట్టు. దీనికి చెవి పెట్టి వినాలి, చెయ్యి పెట్టి చూడాలి.

అబ్బాయి: ఆ భయం ఊరికే రాలేదు కదా. మద్రాసు కంపెనీయే 1970ల మొదట్లో గెజెల్ అని కొత్త బండి దించినప్పుడు ఈ ఏర్పాటు పీకేసి మామూలు ఇరుసు వేసింది.

బాబాయి: వేసింది. కొనేవాళ్ళకీ మెకానిక్కులకీ ఇది మింగుడుపడక వేసింది. మలుపులో గిర్రున తిరుగుతోందని కాదు. అంత వేగంగా మలుపు తిరగడానికి అప్పుడు రోడ్డేదిరా?

అబ్బాయి: ఇక్కడ రోడ్డుంది. అందుకే బయటపడింది. ఇరుసు కడ్డీకి డిఫరెన్షియల్ పక్కన ఒక్కటే క్రాసు. చక్రం దగ్గర ఇంకోటి లేదు. కాబట్టి చక్రం తిన్నగా పైకీ కిందికీ ఆడదు, పిట్ట రెక్కలా ఆడుతుంది. బండి వెనక భాగం లేచిందా, రెండు చక్రాల తలలూ బయటికి వాలి, కాళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. టైరు వెడల్పంతా రోడ్డు మీద ఉండాల్సింది, అంచు మీద నిలబడుతుంది.

బాబాయి: అది సరే. అసలు లేవడం ఎందుకు లేస్తుంది?

మా ఆయన కాగితం కోసం వెతుకుతుంటే మామగారు నా చెయ్యి తీసుకున్నారు. పిడికిలి బల్ల మీద ఆనించి, మోచెయ్యి కాస్త ఎత్తులో ఉంచమన్నారు. పిడికిలి చక్రం, ముంజేయి ఇరుసు కడ్డీ, మోచెయ్యి క్రాసు. పిడికిలిని నావైపు తోశారు. మోచెయ్యి దానంతటదే పైకి లేచింది. మలుపులో బయటి చక్రాన్ని రోడ్డు ఇలాగే లోపలికి తోస్తుందట. కడ్డీ వాలుగా ఉంటుంది గనక ఆ తోపులో కొంత బండిని ఎత్తడానికి పోతుంది. ఎత్తినకొద్దీ వాలు పెరుగుతుంది, వాలు పెరిగినకొద్దీ ఇంకా ఎత్తుతుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి జాకింగ్ అని పేరుపెట్టారు. కంటికి కనబడని జాకీ. రౌండబౌట్‌లో నా సీటు కింద లేచింది ఇదేనన్నమాట.

అబ్బాయి: నేను కాలు తియ్యగానే బరువు ముందుకి పోయింది, వెనక తేలికైంది, లేచింది, కాళ్ళు ముడుచుకుంది, జారింది. నువ్వే రుజువు చేశావు. లోపం డిజైన్‌దే.

బాబాయి: నేను రుజువు చేసింది లోపం కాలిదని! వేగం తగ్గించుకోవాలంటే మలుపుకి ముందే తగ్గించుకో. లోపలికి దిగాక కాలు నిలకడగా ఉంచు. గోడ మీద ఆ బొమ్మ అంటించింది నువ్వేగా, ఏంటది?

గోడ మీద 1965 లె మాన్ బొమ్మ ఉంది. ఆ 24 గంటల పందెంలో రెండు స్పిట్‌ఫైర్లు 13, 14 స్థానాల్లో నిలిచాయి.

బాబాయి: ఒక పగలూ ఒక రాత్రీ తోలారు. ఈ రెక్కల ఇరుసు మీదే తోలారు. వాళ్ళ కాళ్ళు వణకలేదే?

అబ్బాయి: పందెం బండిని ఉన్నదున్నట్టు ఎవరు తోలతారు బాబాయ్? నేలకి దించి మరీ తోలతారు. పైగా వాళ్ళ పని అదే. నాది రోడ్డు. ఎదరవాడు బ్రేకు వేస్తే నా కాలు నన్నడక్కుండా లేస్తుంది. మనిషి భయపడినప్పుడు మొట్టమొదట చేసే పని కాలు తియ్యడం. ఆ పనికే శిక్ష వేసే బండిని మంచి బండి అని ఎలా అంటాం?

నేను టార్చి కాస్త మా ఆయన వైపు తిప్పాను. పక్క సీట్లో కూర్చునేది నేనే కదా.

అబ్బాయి: అమెరికాలో ఇదే గొడవ పెద్దదైంది. షెవర్లే కార్వెయిర్ అని 1960 మోడల్‌గా వచ్చింది. ఇంజను వెనక, ఇరుసు ఇలాంటిదే. రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకంలో మొదటి అధ్యాయమే దాని మీద. అది తోకజాడించకుండా ఉండాలంటే ముందు టైర్లలో 15 పౌన్ల గాలి, వెనక టైర్లలో 26 పెట్టమని కంపెనీ చెప్పింది. ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పెట్రోలు బంకులో కుర్రాడు నాలుగింటికీ ఒకటే కొట్టి పంపిస్తాడు. చివరికి 1964 మోడల్‌లో ముందు, ఒరుగుని ఆపే యాంటీ రోల్ బారూ, వెనక అడ్డంగా ఒక కమాను పట్టీ వేశారు. 1965 మోడల్‌లో వెనక ఏర్పాటు మొత్తం మార్చేశారు.

ఇంత చెప్పి, ఒక క్షణం ఆగి, తన వాదనకి అడ్డొచ్చే సంగతి కూడా తనే చెప్పారు. 1972లో అమెరికా ప్రభుత్వం చేయించిన పరిశీలనలో ఆ కారు దాని కాలపు సాటి కార్ల కన్నా అధ్వాన్నం కాదని తేలిందట. కానీ మామగారు అక్కడిదాకా వినలేదు. ఆయన మధ్యలోనే ఒక మాట దగ్గర ఆగిపోయారు.

బాబాయి: గాలి! నీ టైర్లలో ఎంతుంది?

అబ్బాయి: ఎంతుండాలో అంతే ఉంది.

బాబాయి: గేజీ ఇలా ఇవ్వు.

నాలుగు టైర్లలోనూ ఒకటే గాలి. స్పిట్‌ఫైర్‌కి కూడా వెనక ఎక్కువ, ముందు తక్కువ ఉండాలి. షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కార్వెయిర్ యజమానుల మతిమరుపు గురించి అంత చక్కగా చెప్పిన మనిషి మొహం చూడాలని నాకనిపించింది గానీ టార్చి అటు తిప్పలేదు.

బాబాయి ఆ తరవాత వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ కుదిపారు. లోపల టక్కుమంది. చక్రం నుంచి ముందుకి, ఒంటికి వెళ్ళే సన్నటి కడ్డీ ఒకటుంది. రేడియస్ ఆర్మ్ అంటారు. దాని కొసన రబ్బరు బుష్ వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

బాబాయి: ఇదీ నీ డిజైన్ లోపం. ఈ కడ్డీ పని, చక్రం ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకోవడం. నువ్వు కాలు తీసినప్పుడు ఇంజను చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బుష్ లేదు గనక చక్రం వెనక్కి వస్తుంది. వెనక్కొస్తే ముఖం బయటికి తిప్పుతుంది. అంటే నీ చేతిలో స్టీరింగు ఒక పక్కకి, వెనక చక్రం ఇంకో పక్కకి. తిరగక ఏం చేస్తుంది?

అబ్బాయి: ఒప్పుకున్నాను. బుష్‌లు మారుస్తాను.

బాబాయి: కమాను ఎప్పటిది?

అబ్బాయి: అది కొత్తదే. పోయిన చలికాలం వేశాను. పాతది కుంగిపోయి వెనక భాగం వాలిపోయి ఉండేది. ఇప్పుడు చూడు, ఎంత దర్జాగా నిలబడిందో.

బాబాయి: దర్జాగా నిలబడింది, అందుకే తిరిగింది.

ఇక్కడ మామగారు నేల మీద చతికిలబడి హెరాల్డ్ పురాణం ఎత్తుకున్నారు. వెనక సీట్లో పెళ్ళివారు నలుగురు ఎక్కితే హెరాల్డ్ వెనక కుంగేదట. చక్రాల తలలు లోపలికి వాలి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వానులా కనబడేదట. లోపలి అంచున టైర్లు అరుగుతున్నాయని బండిగలాయన గోల పెట్టేవాడు. కానీ అలా బరువు మీద ఉన్నప్పుడే మలుపులో బుద్ధిగా తిరిగేది. వాళ్ళని దింపేసి ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం గంతులు వేసేది. కుంగిన పాత కమాను చేసే పని కూడా ఆ పెళ్ళివారి పనే. మా ఆయన కొత్తది వేసి పెళ్ళివారిని దింపేశారు.

డబ్బు పోసి బండిని పాడుచేసుకున్నారన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

బాబాయి: కాబట్టి బుష్‌లు వెయ్యి, గాలి సరిచూసుకో. డిఫరెన్షియల్‌కీ కమానుకీ మధ్య ఒక దిమ్మ పెట్టు, పొడవు బోల్టులు వెయ్యి. కమాను పైకి జరుగుతుంది, చక్రాలు దాంతో లేస్తాయి, ఒళ్ళు కిందికి దిగుతుంది. తలలు లోపలికొస్తాయి. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయే పని.

అబ్బాయి: దిమ్మ పెడితే ఒళ్ళు దిగుతుంది, నిజమే. కానీ చక్రం పైకి ఆడే చోటు కూడా అంతే తగ్గుతుంది. గుంటలో పడితే రబ్బరు దిమ్మకి గుద్దుకుంటుంది. పోనీ డిఫరెన్షియల్ కింద ఇంకో అడ్డపట్టీ వేలాడదీసే పద్ధతి ఉంది, క్యాంబర్ కాంపెన్సేటర్ అంటారు. దాని నడుమ ఇరుసులా తిరిగే కీలు ఉంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి కిందికి ముడుచుకోబోతే పట్టుకుంటుంది, ఒకటి లేచి ఒకటి దిగితే అడ్డురాదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కీ పోర్షే 356కీ దీని లాంటివి వేసినవాళ్ళే. బెంజి 300 ఎస్‌ఎల్ కూడా 1954లో ఈ బాధతోనే పుట్టింది. 1957లో పైకప్పు లేని మోడల్ చేసినప్పుడు కీలు కిందికి దించి, పైన సర్దుబాటు స్ప్రింగు వేశారు.

బాబాయి: బెంజికి కూడానా?

అబ్బాయి: బెంజికి కూడా.

ఆ ఒక్క పేరుతో మామగారి గొంతు సగం తగ్గింది. మెకానిక్కులకి కొన్ని పేర్ల ముందు ఉండే భక్తి అది. అయినా కింద వేలాడే పట్టీ స్పీడ్ బ్రేకర్లకి తగులుతుందని తోసిపుచ్చారు. మా వీధిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లు చూస్తే ఆయన మాట కాదనలేం.

అబ్బాయి: అందుకే నేననేది స్వింగ్ స్ప్రింగ్. ఇప్పుడున్న కమానులో పట్టీలన్నీ కలిపి డిఫరెన్షియల్ మీద బిగించేశారు. మలుపులో ఒళ్ళు ఒరిగితే, ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోవాలి. పట్టీలన్నీ దానికి ఎదురు తిరుగుతాయి. ఆ ఎదురుతిరిగిన బలమంతా ఎక్కడ పడుతుంది? బయటి వెనక టైరు మీద. స్వింగ్ స్ప్రింగ్‌లో ఒక్క పట్టీని మాత్రమే బిగిస్తారు. తక్కినవి నడుమ కీలు మీద తూగుడుబల్లలా అటూ ఇటూ తూగుతాయి. గుంటలో రెండు చక్రాలూ కలిసి లేస్తే పట్టీలన్నీ కలిసి మోస్తాయి. ఒరిగినప్పుడు మాత్రం ఒక్కటే పనిచేస్తుంది.

బాబాయి: అంటే వదులు చేస్తున్నావు. జారే చోట వదులు చేస్తే ఇంకా జారదూ?

అబ్బాయి: అందరూ అలాగే అనుకుంటారు. గట్టి షాక్ అబ్జార్బర్లు వేసి, వెనక బిర్రుగా బిగించి, స్పోర్ట్స్ కారంటే ఇదీ అంటారు. వెనక ఒరగకుండా ఎంత బిగిస్తే బయటి వెనక టైరు మీద అంత భారం. బండి కుదుపు ఎక్కువైంది గనక పట్టు కూడా పెరిగిందనుకుంటారు. వెనక వదలాలి. ఆ ఒరుగుని ముందు పట్టుకోవాలి, లావుపాటి యాంటీ రోల్ బారుతో.

బాబాయి: ముందు బిగిస్తే ముందు చక్రాలు జారతాయి. మలుపు తిప్పితే ముక్కు తిరగనంటుంది.

అబ్బాయి: అననీ! ముందు జారితే చేతిలో స్టీరింగు తేలికై ముందే చెబుతుంది. భయపడి కాలు తీసినా పరవాలేదు, బరువు ముందుకొచ్చి ముక్కు మళ్ళీ దారిలో పడుతుంది. మనిషి భయంలో చేసే పనే బండికి మందవుతుంది. ఇప్పుడది విషమవుతోంది.

బాబాయి చాలాసేపు కమాను వైపే చూశారు. తరవాత అడిగిన ప్రశ్నతోనే వాదన దారి మళ్ళింది.

బాబాయి: ఇది ఎవరో షెడ్డులో కూర్చుని అల్లిందా, కంపెనీదా?

అబ్బాయి: కంపెనీదే. 1970లో మార్క్ 4 తెచ్చినప్పుడు వాళ్ళే వేశారు, ముందు బారు కూడా లావు చేశారు. తరవాత కడ్డీల పొడవు కూడా పెంచారు. మన బండికి తిన్నగా కూర్చుంటుంది, చాసిస్‌కి ఒక్క బెజ్జం కొట్టక్కర్లేదు.

బాబాయి: 1970 దాకా ఏం చేశారు మరి?

అబ్బాయి: డబ్బు మిగుల్చుకున్నారు. ఇదే బండికి ఆరు సిలిండర్ల అక్క ఉంది, జీటీ6. దానికి 1968లో కింద విష్‌బోన్లు, కడ్డీ మధ్యలో రబ్బరు కప్లింగూ వేసి బాగుచేశారు. స్పిట్‌ఫైర్‌కి అంత ఖర్చు పెట్టలేక ఈ ఉపాయం ఆలోచించారు. చౌకది, నాకు తెలిసి అన్నిటిలోకెల్లా తెలివైనదీ ఇదే.

బాబాయి: ఆ రబ్బరు కప్లింగుల జోలికి మాత్రం పోకు. కంపెనీదే అయితే వెయ్యి. కానీ ఒక్కొక్కటే. ముందు గాలి. తరవాత బుష్‌లు. వారం తోలు. అప్పుడు కమానూ ముందు బారూ ఒకే రోజు, జోడుగా. కమాను వేసి బారు మర్చిపోతే ముంతలో నీళ్ళలా ఊగుతుంది. అన్నీ ఒకేసారి మార్చావంటే ఏది నయం చేసిందో, ఏది కొత్త జబ్బు తెచ్చిందో బ్రహ్మకి కూడా తెలియదు.

అబ్బాయి: రేడియస్ ఆర్మ్‌కి రబ్బరు బదులు పాలీయురెథేన్ బుష్‌లు వేద్దామా?

బాబాయి: రబ్బరు యాభై ఏళ్ళు బతికింది. నీకెన్నేళ్ళు కావాలి?

తీర్పు చెప్పమని నన్నెవరూ అడగలేదు గానీ పక్క సీటు నాది గనక చెబుతున్నాను. వరస విషయంలో మామగారిదే రైటు. కమాను విషయంలో మా ఆయనదే రైటు. కాలు నిలకడగా పెట్టుకోమనే సలహా మంచిదే, కానీ రౌండబౌట్‌లో ఎదరవాడి ఎర్ర దీపాలు వెలిగినప్పుడు నా కాలు కూడా లేని బ్రేకుని తొక్కింది. సలహాలు ఆ క్షణంలో గుర్తుకురావు. కమాను మాత్రం అక్కడే ఉంటుంది.

చీకటి పడ్డాక టైర్లలో గాలి సరిచేసి కారుని జాకీ మీంచి దించారు. వెనక చక్రాలు రెండూ కాళ్ళు ముడుచుకున్నట్టే ఆగిపోయాయి. మా ఆయన స్కేలు పట్టుకుని కొలవబోతే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. జాకీ దింపగానే ఈ బండిని కొలిస్తే అబద్ధం చెబుతుందట. టైర్లు నేలని పట్టుకుని ఉంటాయి గనక చక్రాలు తమ చోటికి జరగలేవు. నాలుగు గజాలు ముందుకీ, నాలుగు గజాలు వెనక్కీ దొర్లించాలి. హెరాల్డ్ రోజుల్లో జాకీ దింపిన ప్రతిసారీ "చక్రం వంకర పెట్టావు" అని బండిగలాయన తిట్టేవాడట, ఈయన మాట్లాడకుండా బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి చూపించేవారట.

ముగ్గురం కలిసి తోశాం, మళ్ళీ వెనక్కి లాక్కొచ్చాం. అప్పుడు కొలిచాం. రెండు చక్రాల తలలూ ఇంకా కాస్త బయటికే వాలి ఉన్నాయి. బుష్‌లతో పాటు స్వింగ్ స్ప్రింగూ ముందు బారూ ఆ రాత్రే ఆర్డరు పెట్టారు.